చెన్నైలో మేడ మీద గదికి ఏ కప్పు వేయాలి? శ్లాబా, పెంకా, రేకా: ఎంచుకునే పద్ధతి

చెన్నైలో సొంత ఇల్లున్న తెలుగు కుటుంబాల్లో ఏదో ఒక రోజు ఈ మాట రాక తప్పదు: "మేడ మీద ఇంకో గది వేద్దాం." ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చేస్తున్నారనో, పిల్లాడు చదువుకోవడానికి చోటు కావాలనో, అద్దెకిస్తే నాలుగు రాళ్ళు వస్తాయనో మొదలవుతుంది. గోడల గురించి ఇంట్లో పెద్ద చర్చ ఉండదు. పేచీ అంతా కప్పు దగ్గరే. శ్లాబంటే ఖర్చు, రేకులంటే వేడి, పెంకులంటే "ఇప్పుడు నేసేవాళ్ళెక్కడున్నారు" అంటారు. చివరికి పక్కింటివాళ్ళు ఏం వేశారో అదే వేసేస్తారు.

మేమూ అదే చేశాం. మా ఇల్లు తిరువొత్తియూరులో, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. 2014లో మా అత్తయ్యగారి కోసం మేడ మీద రేకుల గది వేయించాం. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు సముద్రం వైపున్న రెండు రేకులు లేచిపోయాయి. అత్తయ్యగారు కింద హాల్లో ఉన్నారు కాబట్టి సరిపోయింది. మర్నాడు పైకెళ్ళి చూస్తే ఒక హుక్కు ఇంకా పైపుకే వేలాడుతోంది. వంకీలా ఉండాల్సింది సాగి మేకులా నిటారుగా అయిపోయింది. ఆ హుక్కుని చాలా రోజులు దాచుకున్నాను. రెండోసారి కప్పు వేయించేటప్పుడు ఒక్కో విషయం అడిగి, ముట్టుకుని చూసి, ఇంజనీరుతో లెక్క వేయించుకుని చేశాం. ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

1. ఆ కప్పు కింద ఎవరు, ఏ వేళ ఉంటారో ముందు తేల్చుకోండి

సామాను దుకాణానికి వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఇది. నా దృష్టిలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

శ్లాబూ వేడెక్కుతుంది, ఇనుప రేకూ వేడెక్కుతుంది. ఏ వేళలో అన్నదే తేడా. శ్లాబు మందంగా ఉంటుంది, పొద్దుటి నుంచి ఎండను తాగుతూనే ఉంటుంది. ఆ వేడి కింది వైపుకు దిగేసరికి సాయంత్రమవుతుంది. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించి చూడండి. బయట సముద్రపు గాలి తిరిగి ఎంతసేపైనా, పైన శ్లాబు మాత్రం జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా తగులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే కిందికి తోస్తుంది. అర్ధరాత్రి దాటితే గాని గది తేరుకోదు.

రేకు సంగతి వేరు. పొద్దున తొమ్మిదికే కాలడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నం కింద నిలబడలేం. కానీ పొద్దు వాలాక అరగంటలో చల్లారిపోతుంది.

అంటే పగలంతా ఆఫీసుకెళ్ళి రాత్రి పడుకోవడానికి వచ్చే కుర్రాడికి, గాలి ఆడే రేకుల గది ఉత్త శ్లాబు గది కన్నా సుఖంగా ఉండొచ్చు. పగలు కూడా గదిలోనే ఉండే పెద్దవాళ్ళకీ, బాలింతకీ, ఇంట్లోంచి పని చేసేవాళ్ళకీ ఉత్త రేకు మాత్రం వద్దు. చెన్నై నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. అలాంటి మధ్యాహ్నం ఒంటి రేకు కింద మనిషిని ఉంచడం క్షేమం కాదు. మేము మొదటిసారి చేసిన తప్పు అదే. అత్తయ్యగారు పొద్దున పదింటికల్లా చాప చుట్టుకుని కిందికి వచ్చేసేవారు. ఆవిడ ఒక్క మాటా అనలేదు, మేమే ఆలస్యంగా గమనించాం.

2. మీ ఊరి గాలి ఎంతో తెలుసుకోండి

కట్టడాల మీద గాలి బరువు లెక్క కట్టడానికి మన దేశంలో ఐఎస్ 875 అనే ప్రమాణం ఉంది, దాని మూడో భాగం గాలిదే. అందులో ఒక్కో ఊరికి ఒక మూల వేగం ఇచ్చారు. బెంగళూరుకి సెకనుకి 33 మీటర్లు, హైదరాబాదుకి 44, చెన్నైకి 50. విశాఖకీ, నెల్లూరికీ కూడా 50. సెకనుకి 50 మీటర్లంటే గంటకి 180 కిలోమీటర్లు. బెంగళూరులో ఉన్న తమ్ముడి ఇంటి మీద పదేళ్ళుగా కదలకుండా ఉన్న రేకుల షెడ్డును చూసి అలాగే చెన్నైలో వేయించుకోకూడదన్నది ఇందుకే.

సెకనుకి 50 మీటర్ల గాలికి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. పన్నెండడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న రేకు దాదాపు నాలుగు చదరపు మీటర్లు. అంటే ఆ ఒక్క రేకు మీదే ఆరు వందల కిలోల దాకా పడొచ్చు. రేకు సొంత బరువు ఇరవై కిలోలు కూడా ఉండదు. పైగా గాలి రేకును కిందికి నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి రేకును పైకి లాగుతుంది, గది కిటికీలోంచి దూరిన గాలి కింద నుంచి తంతుంది. ఆ పీకుడు అంచుల్లో, మూలల్లో అన్నిటికన్నా ఎక్కువ. మావి లేచిపోయినవీ అంచు రేకులే. నీడ కోసమని గోడ దాటి రెండడుగులు బయటికి వదిలాం, గాలికి పట్టుకోవడానికి పిడి ఇచ్చినట్టయింది.

3. కింద ఉన్న ఇల్లు ఎంత మోయగలదు?

పది బై పన్నెండు గది అనుకోండి. అయిదంగుళాల శ్లాబు వేస్తే కాంక్రీటే మూడున్నర టన్నులు. దాని మీద సుర్కీ (ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసే పొర), టైల్స్ వేస్తే ఇంకో టన్నున్నర పైనే. అదే గదికి పెంకులైతే అర టన్ను, వాసాల బరువు వేరే. ఇనుప రేకులైతే యాభై కిలోలు, పైపుల ఫ్రేము వేరే. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే కింది పునాది సంగతి ఎవరితో మాట్లాడి తేల్చుకోవాలో అర్థమవుతుంది: స్ట్రక్చరల్ ఇంజనీరుతో. మేస్త్రీతో కాదు, వెల్డింగ్ చేసేవాళ్ళతో అసలే కాదు.

పాత ఇంటి పిల్లర్లలోంచి "రేపు పై అంతస్తు వేసుకోవచ్చు" అని వదిలిన చువ్వలు మేడ మీద నిలబడి ఉంటాయి చూడండి. సముద్రం దగ్గర అవి నాలుగైదేళ్ళకే తుప్పు పట్టి పొరలుగా రాలతాయి. వాటికే కొత్త పిల్లర్ కట్టేద్దామంటే ఒప్పుకోకండి. ముందు తుప్పు గీకించి, లోపల ఎంత మిగిలిందో ఇంజనీరుకి చూపించాలి.

కార్పొరేషన్ అనుమతి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. రేకుల షెడ్డుకి అక్కర్లేదనే మాట నమ్మి పని మొదలుపెట్టొద్దు.

4. ఇప్పుడు సామాను చూడండి

*శ్లాబు.* మీ పునాది మోయగలిగితే, చేతిలో డబ్బుంటే తుపాను ఊళ్ళో శ్లాబును మించింది లేదు. గాలికి లేవదు. దాని జబ్బు వేడి, కాబట్టి శ్లాబు ఖర్చు లెక్క వేసేటప్పుడే పైన వేసే పొర ఖర్చు కూడా కలిపి వేసుకోవాలి. శ్లాబు వేసి "టైల్స్ వచ్చే ఏడాది చూద్దాం" అన్న ఇళ్ళు పదేళ్ళయినా అలాగే ఉండిపోయి లోపల పెచ్చులూడటం చూశాను.

మదరాసు పాత ఇళ్ళలో మేడ కప్పు ఎలా ఉండేదో ఒక్కసారి చెప్పాలి. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా సున్నంతో పేర్చేవాళ్ళు. దాని మీద ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి మందంగా పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్ళు. చివర్న పల్చటి మట్టి బిళ్ళలు పరిచేవాళ్ళు. మద్రాస్ టెర్రస్ అనే పేరు దీనిదే. జార్జ్‌టౌన్‌లో అలాంటి ఇంట్లోకి ఎండలోంచి అడుగుపెడితే ఒళ్ళు తేలికపడుతుంది. ఇవాళ మనం శ్లాబు మీద వేసే సుర్కీ, దాని మీద పరిచే ఎర్ర బిళ్ళలు ఆ పద్ధతి వారసులే. ఇక్కడి తమిళ మేస్త్రీలు ఆ బిళ్ళల్ని తట్టు ఓడు అంటారు, అడిగేటప్పుడు ఆ మాటే వాడండి.

ఎర్ర బిళ్ళల బదులు తెల్ల కూల్ టైల్స్ వేయిస్తే ఎండ తిరిగి పైకే వెళ్ళిపోతుంది, శ్లాబు తాగే వేడే తగ్గుతుంది. చేతిలో డబ్బు లేకపోతే ఉత్త శ్లాబు మీద రెండు పూతలు తెల్ల సున్నం కొట్టినా అదే రోజు రాత్రికి తేడా తెలుస్తుంది. వానకి కడుక్కుపోతుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ కొట్టుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, దాని వెనకున్న సూత్రం కూడా ఈ తెలుపే. ఏ తెల్ల పూత అయినా దుమ్ము పట్టి మాసిపోతే పనితనం తగ్గుతుంది కాబట్టి వేసవి ముందు ఒకసారి కడగాలి.

కొత్తగా శ్లాబు పోస్తున్నవాళ్ళు ఫిల్లర్ శ్లాబు గురించి ఇంజనీరుని అడగండి. శ్లాబు కింది భాగంలో చువ్వల మధ్యనున్న కాంక్రీటు బరువే గాని బలమివ్వదు. ఆ చోట్లలో పెంకులు పెట్టి పోస్తారు. కాంక్రీటు ఆదా అవుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఈ పద్ధతితో ఎన్నో ఇళ్ళు కట్టారు. చేసి అలవాటున్న మేస్త్రీ దొరికితేనే వేయించండి.

*పెంకులు.* మనవైపు బెంగుళూరు పెంకు అంటాం గాని అది పుట్టింది మంగళూరులో. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు అక్కడ మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. కాల్చిన మట్టి కాబట్టి ఉప్పు గాలికి తుప్పు గొడవ లేదు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. వాన చప్పుడు కూడా వినసొంపుగా ఉంటుంది, రేకులాగా మాట వినపడకుండా చేయదు. చదరపు మీటరుకి పదిహేను పెంకులు పడతాయి.

దీనికి వాలు బాగా కావాలి, ముప్పై డిగ్రీల దాకా. అంటే పదడుగుల దూరానికి ఆరడుగులు లేవాలి. ఒక పక్కకే వాలే చిన్న గదికి అది కుదరదు, రెండు పక్కలా వాలే కప్పుకే బాగుంటుంది. తుపాను ఊళ్ళో ఊరికే తగిలించి వదలకూడదు. చూరు వెంట రెండు వరసలు, కొప్పు పెంకులు, పక్క అంచులు రాగి తీగతోనో తుప్పు పట్టని స్క్రూతోనో బద్దెలకి బిగించాలి. నేసేవాళ్ళు దొరకరన్న మాట పూర్తిగా నిజం కాదు. ఇనుప ఫ్రేము మీద బద్దెలు వెల్డ్ చేసి పెంకులు పరిచేవాళ్ళు చెన్నైలో ఉన్నారు, వాళ్ళు ముందు వేసిన ఇల్లు ఒకటి వానాకాలంలో చూసి మాట్లాడుకోండి.

*సిమెంటు రేకులు.* చవక. నేను వద్దంటాను. మామూలు సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాసూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోసినప్పుడు, చిల్లు పొడిచినప్పుడు, పగిలినప్పుడు వచ్చే దుమ్ములోనే ప్రమాదం. మీ ఇంటి మీద ఇప్పటికే ఉంటే కంగారుపడి పగలగొట్టకండి. కదపకుండా ఉంచండి, నాచు పట్టిందని ఇనుప బ్రష్షుతో గీకించకండి, కొత్త చిల్లులు పొడవకండి. తీయించాల్సి వస్తే తడిపి, హుక్కులు విప్పి, ముక్కలు చేయకుండా నిండు రేకుగా దింపించాలి. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు కూడా ఉన్నాయి, అవైతే ఆ మాట రేకు మీదా బిల్లు మీదా రాసి ఉండాలి.

*ఇనుప రేకులు.* చెన్నై మేడల మీద ఎక్కువ కనిపించేవి ఇవే. ఉత్త జింకు పూత రేకు సముద్రం దగ్గర నిలవదు, మాది ఆరో ఏడు రాకుండానే అతుకుల దగ్గర ఎర్రబడింది. అల్యూమినియం, జింకు కలిపిన పూతను గాల్వాల్యూమ్ అంటారు. అందులో 55 శాతం అల్యూమినియమే. దాని మీద రంగు వేసి వచ్చే రేకు తీసుకోండి. రంగు లేతదైతే మంచిది. ఇటుక ఎరుపు చూడ్డానికి ఇంటిలా ఉంటుంది గాని తెలుపు, లేత బూడిద రంగుల కన్నా ఎక్కువ కాలుతుంది.

*పఫ్ ప్యానెల్.* రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక. మేము రెండోసారి వేయించింది ఇదే, యాభై మిల్లీమీటర్ల మందంది. ఖర్చు ఒంటి రేకుకి రెండింతలు దాటింది. కానీ మధ్యాహ్నం రెండింటికి కింద నిలబడి చెయ్యి పైకెత్తినా వేడి సెగ తగలదు, వానలో ఫోను మాట్లాడుకోవచ్చు. అత్తయ్యగారు ఇప్పుడు పగలు కూడా పైనే ఉంటున్నారు. పెద్దవాళ్ళ గదికి శ్లాబు కుదరనప్పుడు దీనికే నా ఓటు. ఒక జాగ్రత్త: లోపలి నురుగు మంటకి అంటుకునే సరుకు. గ్యాసు పొయ్యి, నిత్యం దీపం వెలిగే పూజ మూల ఉన్న గదికైతే రాక్ ఊల్ (రాతి పీచు) నింపిన ప్యానెల్ అడగండి, అది మండదు. కోసిన అంచులు తెరిచి ఉంచకుండా రేకు మూతలు వేయించాలి, లేకపోతే నీళ్ళూ చీమలూ చేరతాయి.

*యూపీవీసీ రేకులు* గట్టి ప్లాస్టిక్‌వి, తుప్పు పట్టవు, సముద్రం పక్కన బట్టలారేసే షెడ్డుకి బాగుంటాయి. మనిషి ఉండే గదికి తుపాను ఊళ్ళో నాకు ధైర్యం చాలలేదు. *పాలికార్బొనేట్* వెలుతురు కోసం ఒక పలక చాలు. యూవీ పూత ఉన్న వైపే పైకి రావాలి, తిరగేసి వేస్తే కొన్నేళ్ళకే పచ్చబడి పెళుసెక్కుతుంది.

*కొబ్బరాకు పందిరి* చల్లదనంలో వీటన్నిటి కన్నా మేలు. దీపావళి ఉన్న ఊళ్ళో, ఇళ్ళు ఆనుకుని ఉన్న వీధిలో మాత్రం నిప్పు భయం.

5. కొనేటప్పుడు ఏం అడగాలి

దుకాణంలో "అర మిల్లీమీటరు రేకు" అంటారు. ఆ అర మిల్లీమీటరు రంగు, పూత కలిపా, లోపలి ఇనుము ఒక్కటేనా అని అడగండి. ఇనుము మందాన్ని బీఎంటీ అనీ, పూతతో కలిపినదాన్ని టీసీటీ అనీ అంటారు. మొత్తం 0.50 ఉన్న రేకులో ఇనుము 0.45కి అటూఇటూగా ఉంటుంది. రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు ఒకే కొలత పోలుస్తున్నారో లేదో చూసుకోండి.

రెండో ప్రశ్న పూత బరువు. గాల్వాల్యూమ్‌కి ఏజెడ్ 150 అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 150 గ్రాముల పూత. తక్కువ అంకె ఉన్న రేకు చవకగా వస్తుంది, సముద్రం పక్కన ఆ తేడా కొన్నేళ్ళకే బయటపడుతుంది. మంచి రేకు వెనక వైపు కంపెనీ పేరు, మందం, పూత వరసగా అచ్చువేసి ఉంటాయి. లారీ ఇంటికి రాగానే దించే ముందే ఒక్కో రేకు వెనక చూడండి. మాకు మొదటిసారి వచ్చిన వాటిలో కొన్నిటికి ఏ అచ్చూ లేదు. ఆ రోజు అడగడం మాకు తెలియలేదు.

6. బిగింపు: మీరు నిలబడి చూడాల్సిన పని ఇదే

ఎంత మంచి రేకు తెచ్చినా గాలికి నిలబెట్టేది స్క్రూ. రేకు కింద అడ్డంగా వేసే ఇనుప పట్టీని పర్లిన్ అంటారు. స్క్రూ పర్లిన్‌ని పట్టుకోవాలి, పర్లిన్ ఫ్రేముని, ఫ్రేము నిలువు పైపుని, నిలువు పైపు కింది పిల్లర్‌నో బీమునో పట్టుకోవాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం బలహీనమైనా గాలి అక్కడే తెంచుతుంది. కాబట్టి కింది నుంచి చూసుకుంటూ రండి.

నిలువు పైపుల అడుగు పలకల్ని పిల్లర్ల మీద, బీముల మీద యాంకర్ బోల్టులతో దింపించండి. సుర్కీ మీద పలక పెట్టి బోల్టు కొడితే అది పట్టుకున్నది సున్నాన్ని, కాంక్రీటుని కాదు. ఆ చోట టైల్స్, సుర్కీ తీసేసి శ్లాబు దాకా వెళ్ళాలి. పని అయ్యాక ఆ గుంతకి వాటర్‌ప్రూఫింగ్ చేయించడం మరిచిపోతే కింది గదిలో మొదటి వానకే కప్పు కురుస్తుంది.

మా మొదటి కప్పుకి పర్లిన్‌ల మధ్య ఆరడుగులు ఉండేది. ఇప్పుడు మధ్యలో నాలుగు, అంచుల దగ్గర రెండున్నర అడుగులు. ఇంజనీరు ఇచ్చిన లెక్క అది, మీ కప్పుకి మీ ఇంజనీరు చెప్పాలి. హుక్కుల బదులు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు వేయించాం. అంచు పర్లిన్‌ల మీద రేకులో పైకి లేచిన ప్రతి గట్టుకీ ఒక స్క్రూ, లోపల ఒక గట్టు వదిలి ఒకటి. గోడ బయటికి ఒక్క అడుగే వదిలాం. వేస్తున్న రోజు మేస్త్రీకి నచ్చలేదు.

"ఇన్ని స్క్రూలెందుకమ్మా, రేకంతా చిల్లులైపోతుంది."

"చిల్లు దగ్గర వాషరుంటుంది కదా మేస్త్రీ. రేకే ఎగిరిపోతే ఏముంటుంది?"

ఆయన నవ్వి, మళ్ళీ డ్రిల్ పట్టుకున్నాడు. శ్రీకాకుళం మనిషి, తుపాను సంగతి నేను చెప్పేదేముంది.

స్క్రూ గట్టు మీద పడాలి, నీళ్ళు పారే కాలవలో కాదు. నిటారుగా దిగాలి. వాషరు కింది రబ్బరు కొంచెం ఉబ్బి అంచు దాకా వచ్చి ఆగితే బిగింపు సరిపోయినట్టు. నలిగి బయటికి పొంగితే ఎక్కువైంది, ఆ రబ్బరు ఎండకి తొందరగా చిట్లుతుంది. రేకుని గ్రైండర్ చక్రంతో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడిన ప్రతి చోటా పూత కాలి తుప్పు మొదలవుతుంది. కత్తెర మిషనుతో కోయాలి. సాయంత్రం పని ఆపే ముందు మెత్తటి చీపురుతో కప్పంతా ఊడిపించండి. డ్రిల్ చేసినప్పుడు రాలిన సన్నటి ఇనుప రజను రాత్రి మంచుకే ఎర్రబడి, పొద్దుటికి కొత్త రేకు మీద మచ్చలు పెడుతుంది.

రేకుకీ గోడకీ మధ్య సందుని సిమెంటుతో పూడ్చడం ఇక్కడ అందరికీ అలవాటు. వద్దు. తడి సిమెంటు గాల్వాల్యూమ్ పూతను తినేస్తుంది, పైగా రేకు ఎండకి సాగి ముడుచుకున్నప్పుడల్లా ఆ సిమెంటు పగులుతుంది. రేకు ఆకారానికి సరిపోయే నురుగు పట్టీలు దొరుకుతాయి, అవి పెట్టి పైన రేకు మూత వేయించండి. అలాగే ఏసీ నీళ్ళ పైపు రేకు మీదికి వదలొద్దు. రాగి గొట్టాలను తాకి వచ్చే నీళ్ళు పడినచోట పూత దెబ్బతింటుంది.

7. నీళ్ళు ఎటు పోతాయి?

చదును శ్లాబుకి పదడుగులకి కనీసం రెండంగుళాల వాలు సుర్కీలోనే ఇవ్వాలి. టైల్స్ వేయకముందు నీళ్ళ గొట్టాలు గుడ్డతో మూసి, రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి కింద చెమ్మ దిగుతుందేమో చూడండి. రేకుల కప్పుకైతే పొడుగు అతుకు కనీసం ఆరంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, పక్క అతుకు గాలి వచ్చే వైపుకి తెరుచుకోకూడదు.

పది బై పన్నెండు కప్పు మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే పదకొండు వందల లీటర్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నై మీద కురిసిన తీరు చూసినవాళ్ళకి ఆ నీళ్ళ జోరు తెలుసు. కాబట్టి సన్నటి గొట్టం పెట్టొద్దు, నాలుగంగుళాల గొట్టమే వేయించండి. తమిళనాడులో ప్రతి ఇంటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు 2003 నుంచి తప్పనిసరి. కొత్త కప్పు గొట్టాన్ని వీధి కాలవలోకి కాకుండా ఆ గుంతలోకే కలపండి. సీజన్లో మొదటి వాన నీళ్ళు మాత్రం దుమ్మూ రెట్టలూ కడిగి తెస్తాయి, వాటిని బయటికి వదిలే మూత ఒకటి పెట్టించుకోండి.

8. ఎప్పుడు మొదలుపెట్టాలి, తర్వాత ఏం చూడాలి

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి మార్చి నెలాఖరుకి ముగించేలా చూసుకోండి. మే నెల ఎండల్ని ఇక్కడివాళ్ళు అగ్ని నక్షత్రం అంటారు, మనకి కర్తరి. అప్పుడు ఇంటి పని మొదలుపెట్టడానికి పెద్దలు ఎలాగూ ఒప్పుకోరు. ఆ మాట పక్కనపెట్టినా, ఆ ఎండలో రేకు మీద చెయ్యి పెట్టి పని చేయమని మనిషిని అడగలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, సగం కప్పు తెరుచుకుని ఉంటే ఇల్లంతా మడుగే.

పని అయిన రోజే డబ్బు మొత్తం ఇచ్చేయకండి. గొట్టం పట్టుకుని చూరు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ వెళ్ళండి, ఒకరు లోపల టార్చితో చూడాలి. పై నుంచి ఒక్కసారి పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. కింద నుంచి పైకి వెళితే ఏ అతుకు దగ్గర చుక్క పడిందో అక్కడే ఆగిపోవచ్చు.

ఆ తర్వాత ఏటా అక్టోబరు మొదట్లో, వానలు దిగకముందు, ఒక ఆదివారం పొద్దున్నే రేకు చల్లగా ఉండగా పైకెక్కండి. రబ్బరు చెప్పులు వేసుకుని స్క్రూల వరస మీదే నడవాలి, ఎందుకంటే కింద పర్లిన్ ఉండేది అక్కడే. వెలుతురు పలక మీదా సిమెంటు రేకు మీదా కాలు పెట్టొద్దు. చూరు గొట్టంలో ఆకులు తీసేయండి. సముద్రం వైపు వరసలో పది స్క్రూల వాషర్లు గోటితో నొక్కి చూడండి. రబ్బరు మెత్తగా లోపలికి దిగితే మరో ఏడాదికి ఢోకా లేదు. గట్టిపడి, చుట్టూ టీ మరకలా తుప్పు గీత కనిపిస్తే ఆ ఒక్క స్క్రూ కాదు, ఆ వరస మొత్తం మార్పించండి. ఒక పూట పని అది.